మత్తు గ్యాసు గుండెను ఏం చేస్తుంది? తరచుగా అడిగే ప్రశ్నలు

ఆపరేషన్‌కు ముందు ఫిట్‌నెస్ చూసే గదిలో కూర్చుంటే ఎక్కువమంది అడిగే ప్రశ్న "మళ్లీ మెలకువ వస్తుందా సార్?" అని. ఆ వెంటనే వచ్చేది "గుండె తట్టుకుంటుందా?" అని. మొదటిదానికి "వస్తుందమ్మా" అని చెప్పి భుజం తట్టొచ్చు. రెండోదానికి అంత తేలిగ్గా జవాబు చెప్పలేం. అందుకే ఇది రాశాను. ఇందులో కొన్ని పేషెంట్లు, వాళ్ల బంధువులు అడిగినవి. కొన్ని థియేటర్లో నర్సింగ్, టెక్నీషియన్ పిల్లలు అడిగినవి. లెక్కలు విసుగనిపిస్తే వాటిని దాటుకుంటూ చదవండి.

గ్యాసు మత్తు అంటే ఏమిటి? ఇంజెక్షన్ ఉండగా గ్యాసు ఎందుకు?

పెద్దవాళ్లలో మామూలుగా నిద్ర పట్టించేది ఇంజెక్షనే. ఆ నిద్రను ఆపరేషన్ అయ్యేదాకా నిలబెట్టేది చాలాసార్లు గ్యాసు. మనం గ్యాసు అంటున్నాం గానీ ఐసోఫ్లూరేన్, సెవోఫ్లూరేన్, డెస్‌ఫ్లూరేన్ సీసాలో ద్రవంగానే ఉంటాయి. మెషీన్ మీద ఉండే వేపరైజర్ వాటిని ఆవిరి చేసి ఆక్సిజన్‌లో కలుపుతుంది. సీసాలు, వేపరైజర్లు తారుమారు కాకుండా రంగులు పెట్టారు: ఐసోఫ్లూరేన్‌కు ఊదా, సెవోఫ్లూరేన్‌కు పసుపు, డెస్‌ఫ్లూరేన్‌కు నీలం, పాత హాలోథేన్‌కు ఎరుపు. మామూలు ఒత్తిడిలో నిజంగా గ్యాసుగా ఉండేది, సిలిండర్‌లో వచ్చేది నైట్రస్ ఆక్సైడ్, అంటే లాఫింగ్ గ్యాస్.

గ్యాసులో ఒక పెద్ద సౌకర్యం ఉంది. ఊపిరితిత్తుల్లోంచి లోపలికి పోతుంది, ఎక్కువభాగం అక్కడినుంచే బయటికి వస్తుంది. వదిలే ఊపిరిలో ఎంత ఉందో మానిటర్ ప్రతి శ్వాసకూ చూపిస్తుంది. నరానికి ఎక్కించిన మందు ఈ క్షణాన రక్తంలో ఎంత ఉందో అలా కళ్లకు కట్టే మీటరు థియేటర్లో లేదు.

సరే, గుండెను ఏం చేస్తుంది? ఒక్క ముక్కలో చెప్పండి.

బీపీ తగ్గిస్తుంది. ఆవిరి మందులన్నీ తగ్గిస్తాయి. ఎటు నుంచి తగ్గిస్తుందనేదే ఒక్కో మందుకూ తేడా.

ఎటు నుంచి అంటే?

పొలంలో బోరు మోటారును తలుచుకోండి. పైపు చివర నీళ్లు జోరుగా రావాలంటే మోటారు బలంగా తోయాలి, పైపు మరీ వెడల్పుగా ఉండకూడదు. మోటారు నీరసించినా జోరు తగ్గుతుంది, పైపు వెడల్పైనా తగ్గుతుంది. మన ఒంట్లో మోటారు గుండె, పైపులు రక్తనాళాలు.

హాలోథేన్ ప్రధానంగా మోటారును నీరసింపజేస్తుంది. ఐసోఫ్లూరేన్, సెవోఫ్లూరేన్, డెస్‌ఫ్లూరేన్ ప్రధానంగా పైపులను వెడల్పు చేస్తాయి. గుండె కండరాన్ని ఇవి కూడా కొంత మెత్తబరుస్తాయి, కాకపోతే హాలోథేన్ అంత కాదు. మానిటర్ మీద రెండింటిలోనూ బీపీ 120 నుంచి 90కి దిగినట్టే కనిపిస్తుంది. లోపల జరిగింది మాత్రం వేరు. మొదటి సందర్భంలో గుండె పంపే రక్తమే తగ్గింది. రెండోదాంట్లో రక్తం దాదాపు అంతే పోతోంది, ఎదురయ్యే అడ్డు తగ్గింది. మానిటర్ మీది అంకె చూసి కంగారుపడే ముందు ఈ రెండింటిలో ఏది జరిగిందో ఆలోచించమని నా దగ్గర నేర్చుకునే పిల్లలకు చెబుతుంటాను.

గుండె కండరం ఎందుకు మెత్తబడుతుంది?

గుండె ప్రతిసారీ ముడుచుకోవాలంటే కండర కణంలోకి కాల్షియం రావాలి. బయటినుంచి కొంచెం కాల్షియం ఒక ద్వారం గుండా లోపలికి వస్తుంది. అది చూసి కణం లోపల దాచుకున్న నిల్వ బయటపడుతుంది, అప్పుడు కండరం ముడుచుకుంటుంది. మత్తు ఆవిరి ఆ ద్వారాన్ని కొంత మూస్తుంది, నిల్వనూ తగ్గిస్తుంది, ఉన్న కాల్షియానికి కండరం స్పందించే తీరునూ కాస్త మందగింపజేస్తుంది. మందు ఆపితే ఇదంతా తిరిగి మామూలవుతుంది. గుండెకు దెబ్బ తగలడం వేరు, గుండె మెత్తబడటం వేరు.

ఇంకో సంగతి ఉంది. మామూలు మనిషిలో బీపీ పడిపోతే మెడలోని రక్తనాళాల గోడల్లో ఉండే సెన్సర్లు కనిపెట్టి, గుండె వేగం పెంచి సర్దేస్తాయి. మత్తు ఆవిరి ఆ సర్దుబాటును కూడా మొద్దుబారుస్తుంది. హాలోథేన్‌లో ఇది మరీ ఎక్కువ. బీపీ పడిపోతున్నా నాడి నింపాదిగా 60 దగ్గరే కూర్చునేది.

డోసు ఎలా కొలుస్తారు?

మిల్లీగ్రాముల్లో కాదు, ఊపిరిలో శాతంగా కొలుస్తాం. చర్మం కోసినప్పుడు వందమందిలో 50 మంది కదలకుండా ఉండటానికి ఊపిరితిత్తుల్లో ఎంత శాతం మందు కావాలో దాన్ని 'మ్యాక్' అంటాం. హాలోథేన్‌కు అది 0.75 శాతం. ఐసోఫ్లూరేన్‌కు సుమారు 1.2, సెవోఫ్లూరేన్‌కు సుమారు 2, డెస్‌ఫ్లూరేన్‌కు సుమారు 6. నైట్రస్ ఆక్సైడ్‌కు 104 శాతం. అంటే మామూలు గాలి ఒత్తిడిలో నైట్రస్ ఒక్కటే ఇచ్చి ఆపరేషన్ మత్తు తేలేం. పేషెంటుకు ఆక్సిజన్ కూడా ఇవ్వాలి కదా.

40 ఏళ్లు దాటాక ప్రతి పదేళ్లకూ ఈ మ్యాక్ సుమారు 6 శాతం చొప్పున తగ్గుతుంది. 80 ఏళ్ల తాతకు 30 ఏళ్ల మనవడి డోసు ఇస్తే బీపీ పడిపోవడంలో వింతేముంది? పెద్దవాళ్ల విషయంలో "గుండె వీక్‌గా ఉంది, అందుకే బీపీ పడింది" అన్నప్పుడు నాకు మొదట వచ్చే అనుమానం గుండె మీద కాదు, డయల్ మీద.

హాలోథేన్, ఐసో, సెవో, డెస్: గుండె పరంగా ఏది మంచిది?

అందరికీ ఒకటే మంచిది అనలేం. ఒక్కోదాని గుణం చెబుతాను.

హాలోథేన్‌ను 1951లో ఇంగ్లాండ్‌లో ఐసీఐ కంపెనీలో చార్లెస్ సక్లింగ్ తయారుచేశాడు. 1956లో మాంచెస్టర్‌లో మైకేల్ జాన్‌స్టన్ పేషెంట్లకు వాడాడు. అంతకుముందు వాడే ఈథర్‌కు మంట అంటుకునే గుణం ఉంది, దీనికి లేదు. వాసన తియ్యగా ఉంటుంది, పిల్లలు మారాం చేయకుండా పీలుస్తారు. మేం చదువుకునే రోజుల్లో ఎర్ర వేపరైజర్ లేని థియేటర్ లేదు. అయితే గుండెను నెమ్మదిపరిచేది, లయ తప్పించేది. ఈసీజీలో పీ అల మాయమై గుండె పై గదులకూ కింది గదులకూ మధ్య చోటి నుంచి లయ నడవడం చాలాసార్లు చూశాం. దానికి తోడు అరుదుగానైనా కాలేయాన్ని తీవ్రంగా దెబ్బతీసేది. మెల్లగా పక్కకు తప్పుకుంది.

ఐసోఫ్లూరేన్ 1980ల్లో వాడుకలో నిలబడింది. నాళాలను బాగా వెడల్పు చేస్తుంది, నాడి కాస్త పెరుగుతుంది, గుండె పంపే రక్తం పెద్దగా తగ్గదు. ఘాటు వాసన, మాస్క్‌తో పీల్చమంటే దగ్గు వస్తుంది. చవక, నమ్మకం. మన ప్రభుత్వ ఆసుపత్రుల్లో చాలాకాలం పనంతా దీని మీదే నడిచింది.

సెవోఫ్లూరేన్ 1990లో జపాన్‌లో విరివిగా వాడకంలోకి వచ్చింది. నాడిని పెద్దగా కదిలించదు, వాసన ఘాటుగా ఉండదు. ఈసీజీలో క్యూటీ అనే విరామాన్ని కొంత పొడిగిస్తుంది. పుట్టుకతోనే క్యూటీ పొడవుగా ఉన్నవాళ్లలో ఆలోచించి వాడాలి, మిగతావాళ్లకు బెంగ అక్కర్లేదు.

డెస్‌ఫ్లూరేన్ మాత్రం వేరే రకం మనిషి. 22.8 డిగ్రీల దగ్గరే మరుగుతుంది. మన ఎండాకాలంలో సీసా మూత తీసి పెడితే ఎగిరిపోతుంది. అందుకే దాని వేపరైజర్‌కు కరెంటు కావాలి, మందును 39 డిగ్రీలకు వేడిచేసి పంపిస్తుంది. దీన్ని 6 శాతం దాటించి ఒక్కసారిగా పెంచితే బీపీ, నాడి తగ్గాల్సింది పోయి ఎగబాకుతాయి. శ్వాసమార్గంలోని నరాలు రెచ్చిపోయి, ఒంట్లో అడ్రినలిన్ ఉరుకులు పెట్టడమే కారణం. పీజీగా ఉన్నప్పుడు నేనూ ఈ పని చేశాను. పేషెంటు కొద్దిగా కదిలాడని డయల్ గబుక్కున తిప్పాను. నాడి 75 నుంచి 130 దాటింది. మత్తు ఇంకా చాలలేదేమో అనుకుని మళ్లీ పెంచబోయాను. మా మేడం నా చెయ్యి పట్టుకుని "ఆగు, నువ్వే పరిగెత్తించావు దాన్ని, నువ్వే ఆగు" అన్నారు. నాలుగైదు నిమిషాల్లో దానంతటదే దిగింది. ఆ నాలుగైదు నిమిషాలూ గుండె రక్తనాళాలు పూడుకున్న మనిషికి ఏమయ్యేదో ఆ రాత్రి చాలాసేపు ఆలోచించాను.

డెస్‌ఫ్లూరేన్ ఇప్పుడు వేరే కారణానికి వెనక్కి పోతోంది. వాతావరణాన్ని వేడెక్కించడంలో కార్బన్ డయాక్సైడ్ కన్నా రెండు వేల రెట్లకు పైగా బలమైనది. స్కాట్లాండ్ 2023లో దీన్ని మానేసింది. యూరోపియన్ యూనియన్‌లో 2026 జనవరి నుంచి, వైద్యపరంగా తప్పనిసరైతే తప్ప వాడకూడదు.

హైదరాబాద్‌కూ మత్తుకూ ఏదో సంబంధం ఉందంటారు, నిజమేనా?

నిజమే. అది కూడా సరిగ్గా ఈ పేజీలోని ప్రశ్న మీదే. మత్తు ఆవిరి చంపితే ఊపిరి ఆపి చంపుతుందా, గుండె ఆపి చంపుతుందా?

1847లో ఎడిన్‌బరోలో జేమ్స్ యంగ్ సింప్సన్ క్లోరోఫాం ఆవిరితో మత్తు ఇవ్వడం మొదలుపెట్టాడు. మూడు నెలలు తిరక్కుండానే, 1848 జనవరి 28న, న్యూకాసిల్ దగ్గర హన్నా గ్రీనర్ అనే 15 ఏళ్ల పిల్ల కాలి గోరు తీయించుకోవడానికి క్లోరోఫాం పీల్చి రెండు మూడు నిమిషాల్లో చనిపోయింది. ఆ తర్వాత ఇలాంటి మరణాలు వరుసగా వస్తూనే ఉన్నాయి. లండన్ వైద్యులు చాలామంది గుండె ఆగిందన్నారు, నాడి పట్టుకుని కూర్చోవాలన్నారు. ఎడిన్‌బరో బడి వాళ్లు కాదన్నారు. ముందు ఆగేది శ్వాసే, దాన్ని చూసుకుంటే చాలన్నారు.

ఆ ఎడిన్‌బరో బడిలో జేమ్స్ సైమ్ అనే సర్జన్ దగ్గర చదివిన ఎడ్వర్డ్ లారీ హైదరాబాద్ రెసిడెన్సీ సర్జన్‌గా వచ్చాడు. ఇక్కడి మెడికల్ స్కూల్‌కు పెద్ద. నేటి ఉస్మానియా మెడికల్ కాలేజీకి మూలం ఆ స్కూలే. గురువు మాట మీద ఆయనకు ఎంత నమ్మకమంటే, నాడి చూడటం అనవసరమే కాదు, శ్వాస మీది ధ్యాస చెదరగొడుతుంది కాబట్టి చెడ్డది కూడా అని నేర్పేవాడు. తన మాట నిరూపించడానికి ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ప్రభుత్వం ఖర్చుతో 1888లో మొదటి హైదరాబాద్ క్లోరోఫాం కమిషన్ జరిగింది. లండన్‌లోని లాన్సెట్ పత్రిక నమ్మలేదు. అయితే మీరే ఒక మనిషిని పంపండి, ఖర్చు మాది అని నిజాం 1000 పౌండ్లు ఇచ్చాడు. పత్రిక తరఫున లాడర్ బ్రంటన్ వచ్చాడు. గుండె మందుల మీద అప్పటికే పేరున్నవాడు. 1889 చివర్లో రెండో కమిషన్ కూర్చుంది. కుక్కలు, కోతులు, మేకలు, పిల్లులు, గుర్రాలు కలిపి వందల జంతువులకు క్లోరోఫాం ఇచ్చి, చాలావాటికి రక్తపోటు గీతలు గీయించి చూశారు. బ్రంటన్ వచ్చేటప్పుడు గుండెకే ముప్పు అనుకున్నాడు, తిరిగి వెళ్లేటప్పుడు మాట మార్చుకున్నాడు. ముందు ఆగేది శ్వాస, క్లోరోఫాం గుండెను నేరుగా ఆపదు అని తేల్చారు.

అక్కడ పనిచేసినవాళ్లలో రూపాబాయి ఫర్దూన్జీ అనే పార్శీ యువతి ఉంది. లారీ శిష్యురాలు, క్లోరోఫాం ఇవ్వడంలో ఆరితేరింది, తర్వాత ఎడిన్‌బరో కూడా వెళ్లి చదివింది. ప్రపంచంలో మొదటి మహిళా మత్తు వైద్యురాలు ఆమే అని చాలామంది అంటారు. మన ఊళ్లో ఎంతమందికి ఆ పేరు తెలుసు?

మరి కమిషన్ చెప్పింది సరైనదేనా?

కాదు. కానీ తప్పు జరిగిన తీరు చూడదగ్గది. వాళ్లు గీసిన గీతల్లో మోసం లేదు. క్లోరోఫాం మోతాదు పెంచుకుంటూ పోతే ముందు శ్వాస ఆగి, తర్వాతే గుండె ఆగడం వాళ్లు కళ్లారా చూశారు. లోతైన మత్తులో అది నిజం. చూడవలసిన చోటు వేరే ఉంది, అక్కడ వెతకలేదు.

1911లో గుడ్‌మన్ లెవీ లండన్‌లో పిల్లుల మీద పరీక్ష చేశాడు. క్లోరోఫాం బాగా తక్కువగా, పైపైన ఇచ్చాడు. దాంతోపాటు కొంచెం అడ్రినలిన్ ఎక్కించాడు. గుండె కొట్టుకోవడం మాని గజగజ వణికి ఆగిపోయింది. దాన్నే వెంట్రిక్యులర్ ఫిబ్రిలేషన్ అంటాం. అదే పిల్లులకు మత్తు లోతుగా ఇచ్చినప్పుడు అలా కాలేదు. చిన్న ఆపరేషన్‌కు వచ్చిన కుర్రవాళ్లు, మత్తు మొదలైన తొలి నిమిషాల్లో, భయంతో ఒళ్లంతా అడ్రినలిన్ నిండినప్పుడు ఎందుకు పోయేవాళ్లో అప్పటికి తెలిసింది. గోరు తీయించుకోబోయిన ఆ పిల్ల సంగతి కూడా అదే అయి ఉండొచ్చు.

ఇన్నేళ్లూ నాడి చూడొద్దన్న మాట నేర్చుకున్న చేతుల్లో ఎందరు పోయారో లెక్క లేదు. ఊరి మీద అభిమానంతో కొందరు ఈ కమిషన్‌ను ఘనంగా చెబుతారు. ఘనమైనదే. ఒక రాజ్యం ఒక వైద్య ప్రశ్నకు డబ్బు పెట్టి జవాబు వెతకడం ఆ రోజుల్లో చిన్న విషయం కాదు. జవాబు తప్పని కూడా చెప్పుకోవాలి.

అయితే మత్తు తక్కువ ఇస్తే గుండెకు మంచిదన్నది అబద్ధమా?

సగం నిజం. పేషెంట్ల బంధువులు "గుండె వీక్ సార్, కొంచెం తక్కువగానే ఇవ్వండి" అంటుంటారు. మత్తు చాలకుండా కోస్తే నొప్పి మెదడుకు తెలియకపోయినా ఒంటికి తెలుస్తుంది. బీపీ 200 దాకా పోతుంది, నాడి పరుగెడుతుంది, గుండెకు ఆక్సిజన్ అవసరం పెరుగుతుంది. పూడుకున్న నాళాలున్నవాడికి అది బీపీ పడిపోయినంత చేటు. అందుకే గుండె జబ్బు ఉన్నవాళ్లకు గ్యాసు కాస్త తగ్గించి, నొప్పికి ఫెంటానిల్ లాంటిది తోడు ఇచ్చి, కావాలంటే నొప్పిని మోసే నరం దగ్గర మత్తు ఇంజెక్షన్ (బ్లాక్) కూడా వేసి రెండు వైపులా కాపు కాస్తాం.

సర్జన్ కోసేచోట అడ్రినలిన్ కలిపిన ఇంజెక్షన్ ఇస్తారు. అదీ గ్యాసూ కలిస్తే ప్రమాదమా?

క్లోరోఫాం కథే చిన్న రూపంలో హాలోథేన్‌లోనూ ఉంది. హాలోథేన్ మత్తులో కిలో బరువుకు సుమారు 2.1 మైక్రోగ్రాముల అడ్రినలిన్ శ్లేష్మ పొర కింద ఇస్తే సగంమందిలో గుండె అదనపు స్పందనలు మొదలవుతాయని 1970ల్లో లెక్క తేల్చారు. ఐసోఫ్లూరేన్‌కు అది సుమారు 6.7. సెవో, డెస్ కూడా ఐసో దగ్గరే ఉంటాయి.

60 కిలోల మనిషికి లెక్క వేద్దాం. మామూలుగా వాడే రెండు లక్షలకు ఒకటి పలుచన ద్రావణంలో ఒక మిల్లీలీటరుకు 5 మైక్రోగ్రాములుంటాయి. హాలోథేన్‌లో 25 మిల్లీలీటర్లకే ఆ గీత తాకుతాం. ఐసోలో 80 దాకా పోవాలి. ఇవి సగంమందిలో లయ తప్పే అంకెలు, ఇవ్వదగ్గ అంకెలు కావు. ఇవ్వాల్సింది వీటికి చాలా కింద. థియేటర్ పిల్లలు గుర్తుపెట్టుకోవలసింది ఒకటే: సర్జన్ సిరంజి పట్టుకోగానే "ఎంత, ఏ పలుచన?" అని గట్టిగా అడగండి. చిన్నవాళ్లు అడిగితే బాగుండదేమో అని మొహమాటపడొద్దు.

నాన్నకు స్టెంట్ ఉంది. గ్యాసు మత్తు ఇవ్వొచ్చా?

ఇవ్వొచ్చు. గ్యాసు కన్నా ముందు అడగవలసింది స్టెంట్ ఎప్పుడు వేశారు, రక్తం పలుచన చేసే మాత్రలు ఏవి వాడుతున్నారు అని. మందు పూసిన స్టెంట్ వేశాక, ఆగగలిగిన ఆపరేషన్‌ను సాధారణంగా కనీసం 6 నెలలు ఆపుతారు. గుండెపోటు వచ్చినప్పుడు వేసిన స్టెంట్ అయితే ఇంకా ఎక్కువ.

గ్యాసు గురించి రెండు పాత వాదాలు ఉన్నాయి. 1980ల్లో ఐసోఫ్లూరేన్ మంచి నాళాలను వెడల్పు చేసి, పూడిన నాళానికి పోవలసిన రక్తాన్ని దొంగిలిస్తుందన్నారు. బీపీ, నాడి అదుపులో ఉన్న పేషెంట్లలో అది పెద్ద సమస్యగా కనిపించలేదు. 1990ల చివర్లో దీనికి పూర్తి ఎదురు వాదం వచ్చింది: ఈ ఆవిర్లు గుండె కణాలను ముందే తట్టుకునేలా తయారుచేస్తాయి, గుండెపోటు దెబ్బ తగ్గుతుంది అని. జంతువుల్లో అది బలంగా కనిపించింది. బైపాస్ ఆపరేషన్ చేయించుకునే 5,400 మందిలో గ్యాసు మత్తునూ పూర్తిగా నరానికి ఇచ్చే మత్తునూ పోల్చి చూసిన మిరియడ్ పరిశోధన 2019లో వచ్చింది. ఏడాది తర్వాత చనిపోయినవాళ్ల సంఖ్యలో తేడా లేదు. కాబట్టి "గ్యాసే పెట్టండి, గుండెకు మంచిదట" అనీ అనక్కర్లేదు, "గ్యాసు వద్దు" అనీ అనక్కర్లేదు.

వాల్వ్ జబ్బు ఉంటే?

ఇక్కడ నేను కాస్త టెన్షన్ పడతాను, అదీ బృహద్ధమని వాల్వ్ సన్నబడినవాళ్ల విషయంలో. వాళ్ల గుండె ఇరుకు సందులోంచి రక్తం తోయాలి. పైపులు ఒక్కసారిగా వెడల్పైతే బీపీ కుప్పకూలుతుంది, సందు ఇరుకు కాబట్టి గుండె అదనంగా పంపి సర్దలేదు. గుండె కండరానికే రక్తం చాలదు. అందుకే మెల్లగా, కొద్దికొద్దిగా గ్యాసు పెంచుతూ, నాళాలను బిగించే ఫినైలెఫ్రిన్ సిరంజిలో ముందే కలిపి పక్కన పెట్టుకుంటాం. అదే వాల్వ్ లీకయ్యేవాళ్లకు పైపులు కాస్త వెడల్పైతే మంచిదే, రక్తం ముందుకు తేలిగ్గా పోతుంది. ఒకే గ్యాసు, ఒకే డోసు, ఒకరికి చేటు, ఇంకొకరికి మేలు. టూడీ ఎకో రిపోర్టు తెమ్మని మత్తు డాక్టర్ పట్టుబడితే విసుక్కోవద్దు.

పిల్లల గుండెలో రంధ్రం ఉంటే గ్యాసు ఎక్కదంటారు?

ఎక్కుతుంది. ఒక్కో జబ్బులో నెమ్మదిగా ఎక్కుతుంది. నీలం రంగు పిల్లల్లో కొంత రక్తం ఊపిరితిత్తులకు పోకుండా అడ్డదారిలో వెళ్లిపోతుంది. ఆ రక్తానికి గ్యాసు తగలదు, కాబట్టి నిద్ర పట్టడం ఆలస్యం. తొందరపడి డయల్ పెంచితే నాళాలు వెడల్పై అడ్డదారి రక్తం ఇంకా పెరిగి, పిల్లాడు మరింత నీలమవుతాడు. నీలం కాని మామూలు రంధ్రాల్లో ఈ తేడా పెద్దగా ఉండదు.

చంటిపిల్లల గుండె వేగం మీదే బతుకుతుంది, నాడి మందగిస్తే బీపీ పోయినట్టే. డౌన్ సిండ్రోం ఉన్న పిల్లల్లో సెవోఫ్లూరేన్ పీల్చే మొదటి నిమిషాల్లో నాడి బాగా తగ్గడం తరచు చూస్తాం. తల్లిదండ్రులు ఆ మాట ముందే చెబితే మేం సిద్ధంగా ఉంటాం.

లాఫింగ్ గ్యాస్ గుండెకు చెడ్డదా?

సొంతంగా గుండెను కొద్దిగా మెత్తబరుస్తుంది, కానీ నరాలను రెచ్చగొట్టి దాన్ని సరిచేసుకుంటుంది కాబట్టి బీపీ పెద్దగా పడదు. ఊపిరితిత్తుల బీపీ ఎక్కువగా ఉన్నవాళ్లలో దాన్ని ఇంకా పెంచవచ్చు, వాళ్లకు మానేస్తాం. ఒంట్లో బి12ను పనిచేయకుండా చేస్తుంది కాబట్టి గుండెపోట్లు పెరుగుతాయేమో అనే భయం ఉండేది. 7 వేలమందికి పైగా పేషెంట్లతో చేసిన ఎనిగ్మా-2 పరిశోధన 2014లో ఆ భయం తీర్చింది.

వెన్నులో ఇంజెక్షన్ అయితే గుండెకు ఏ ఇబ్బందీ ఉండదు కదా?

ఉంటుంది. వెన్ను మత్తు కూడా నడుము కింది నాళాలను వెడల్పు చేసి బీపీ తగ్గిస్తుంది, ఒక్కోసారి గ్యాసు కన్నా వేగంగా. గ్యాసును డయల్ తిప్పి తగ్గించుకోవచ్చు. వెన్నులో వేసిన మందును వెనక్కి తీయలేం. "వద్దు సార్, ఫుల్ మత్తు వద్దు, సగం మత్తే ఇవ్వండి" అనేవాళ్లకు ఇది చెబితే ఆశ్చర్యపోతారు.

ఆపరేషన్‌లో బీపీ పడిపోయిందని చెప్పారు. తప్పు జరిగినట్టేనా?

బీపీ పడటం తప్పు కాదు, పడుతుందని తెలిసే ఇస్తాం. ఎంత పడింది, ఎంతసేపు ఉంది, ఏం చేశారు అన్నది అడగండి. మేం చూసేది సగటు బీపీ. 120/80 ఉంటే సగటు సుమారు 93. అది 65 కిందికి దిగి ఎక్కువసేపు ఉన్నవాళ్లలో గుండెకు, కిడ్నీలకు దెబ్బ ఎక్కువగా కనిపిస్తుందని చాలా పరిశోధనలు చూపించాయి. సరిచేయడం కూడా కష్టం కాదు: గ్యాసు తగ్గించడం, కాళ్లు పైకెత్తడం, సెలైన్, నాళాలు బిగించే మందు. నేను మొదట చేసేది గ్యాసు తగ్గించడమే. ముందు సెలైన్ బాటిల్ తెరిచేసే అలవాటు చాలామందికి ఉంది, నాకది నచ్చదు.

బీపీ మాత్రలు ఆపరేషన్ రోజు వేసుకోవాలా?

సొంత నిర్ణయం వద్దు, మత్తు డాక్టర్‌ను అడగండి. మామూలుగా ఆమ్లోడిపిన్ వేసుకోమంటారు. మెటోప్రొలాల్, అటెనోలాల్ లాంటివి ఒక్కసారిగా ఆపకూడదు, గుండె ఎదురు తిరుగుతుంది. టెల్మిసార్టన్, లోసార్టన్, రామిప్రిల్ విషయంలో డాక్టర్ల మధ్యే అభిప్రాయభేదం ఉంది. ఇవి వేసుకుని వస్తే గ్యాసు మత్తులో బీపీ ఎక్కువగా పడుతుంది. ఫ్రాన్స్‌లో 2 వేలమందికి పైగా పేషెంట్లతో చేసిన పరిశోధన 2024లో వచ్చింది. వేసుకున్నవాళ్లలో థియేటర్లో బీపీ ఎక్కువసార్లు పడింది గానీ, ఆపరేషన్ తర్వాతి మరణాల్లో, పెద్ద చిక్కుల్లో తేడా లేదు. నేను చాలావరకు ముందురోజు నుంచి ఆపమంటాను. అయినా ఎవరైనా పొద్దున్నే వేసుకుని వచ్చేస్తే ఆపరేషన్ వాయిదా వేయను.

మత్తు డాక్టర్‌కు ఏం చెప్పాలి?

అన్నీ. వేసుకునే ప్రతి మాత్ర, ఆకు పసరుతో సహా. షుగర్‌కు డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వాడుతుంటే తప్పకుండా, ఎందుకంటే వాటిని మూడు రోజుల ముందు నుంచి ఆపుతాం. రెండంతస్తులు మెట్లెక్కితే ఆయాసం వస్తుందా? రాత్రి వెల్లకిలా పడుకుంటే ఊపిరాడక లేచి కూర్చుంటారా? ఇంట్లో ఎవరైనా చిన్న వయసులో ఉన్నట్టుండి పోయారా? ఎవరికైనా మత్తులో ఒళ్లు కాలిపోయేంత జ్వరం వచ్చిందా? ఈ చివరిది చాలా అరుదైన జబ్బు, కానీ అది ఉన్న ఇంట్లో మనిషికి ఆవిరి మత్తు అసలు ఇవ్వకూడదు.

ఒకసారి డెబ్బై దాటిన ఒక అమ్మ ఇలాంటి ప్రశ్నలన్నిటికీ "లేదు నాయనా, లేదు" అంటూ వచ్చింది. లేచి వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, "మా ఆయన పోయిన నాటి నుంచి పొద్దున గుండె దడదడలాడుతుంది, అది చెప్పాలా?" అంది. ఈసీజీ తీయిస్తే లయ తప్పి కొట్టుకుంటోంది. ఆపరేషన్ పదిహేను రోజులు వెనక్కి జరిపాం.